ఆక్స్‌ఫర్డ్‌లో ‘అన్న’కు చోటు దొరికింది, మా ‘గెడ్డ’కు మీ దగ్గర ఎప్పుడు?

తెలుగు నిఘంటువులు కూర్చే సంస్థల పెద్దలకు, పాఠ్యపుస్తకాల కమిటీల సభ్యులకు, పేపర్లు దిద్దే తెలుగు, ఇంగ్లిషు మాస్టార్లకు,

విషయం: ఒడిశా సరిహద్దు తెలుగు మాటల జాబితా పంపి మూడేళ్లయినా జవాబు రాకపోవడం గురించి.

అయ్యా, అమ్మా, నమస్కారం.

మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. కోర్టు దగ్గర టైపు, జెరాక్సు షాపు నడుపుతాను. మా నాన్న హయాంలో అది టైపు ఇన్‌స్టిట్యూట్. నా చేతికి వచ్చేసరికి కంప్యూటరూ ప్రింటరూ చేరాయి గానీ పని పెద్దగా మారలేదు. ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు తెలుగులో చెబుతారు, నేను ఒడియాలో దరఖాస్తు కొడతాను, పై ఆఫీసుకైతే ఇంగ్లిషులో ఇంకో కాపీ తీస్తాను. రోజుకు పది పన్నెండు కాగితాలు. ఇరవై రెండేళ్లుగా ఇదే బతుకు.

ఈ పనిలో ఒక చిక్కుంది. ఎదురుగా కూర్చున్న మనిషి అన్న మాట నాకు తెలుసు, కానీ రాయబోతే దానికి జోడీ దొరకదు. నిఘంటువు తీస్తే ఉండదు, ఉన్నా వేరే అర్థంతో ఉంటుంది. అలా చిక్కిన మాటనల్లా ఒక పొడుగు నోట్‌బుక్కులో రాసుకుంటూ వచ్చాను. మాట, దాని అర్థం, ఏ ఊళ్లో విన్నాను, అన్నవాళ్లు ఏం పని చేస్తారు, ఏ వాక్యంలో వచ్చింది. 2022 నాటికి 470 అయ్యాయి. అందులో మా ఇంట్లోవాళ్లు తప్ప ఇంకెవరూ అనగా వినని 62 మాటలు నేనే కొట్టేశాను. మిగిలిన 408 మాటలు శుభ్రంగా టైపు చేసి, మాటల పని చూసే ఒక సంస్థకు రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. ముట్టినట్టు కార్డు వచ్చింది, గుండ్రటి సీలుతో. ఆ తర్వాత ఏమీ రాలేదు. 2023లో ఒక ఉత్తరం రాశాను, 2024లో ఇంకొకటి. చివరికి ఫోను చేస్తే ఒకాయన మర్యాదగానే చెప్పారు: “అవన్నీ యాస మాటలండీ. పైగా సగం ఒడియా. నిఘంటువులోకి రావు.” జాబితా తెరిచి చూశారా అని అడిగేలోగా లైను కట్టయింది. అక్కడ కరెంటు పోయిందేమో, ఆయన్ని అనుమానించను.

అందుకని ఇప్పుడు నలుగురి ముందూ పెడుతున్నాను.

ముందు ఇంగ్లిషువాళ్ల సంగతి చూడండి. 2017 సెప్టెంబరులో ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ 70 భారతీయ మాటల్ని చేర్చుకుంది. అన్న, అబ్బా, అచ్ఛా, జుగాడ్, దాదాగిరి, టైంపాస్, గులాబ్ జామూన్, వడ లాంటివి అందులో ఉన్నాయి. అంతకుముందే మన దేశపు ఇంగ్లిషు మాటలు అక్కడ దాదాపు 900 ఉన్నాయట. ‘అన్న’ కథ నాకు భలే నచ్చింది. రూపాయిలో పదహారో వంతు ‘అణా’ అదే స్పెల్లింగుతో ఆ నిఘంటువులో ఎప్పటినుంచో ఉంది. తోడబుట్టిన అన్న మాత్రం 2017లో చేరాడు. డబ్బుకు ముందు చోటు, బంధుత్వానికి తర్వాత. ఎలాగైతేనేం, దొరికింది.

2020 జనవరిలో ఆక్స్‌ఫర్డ్ వాళ్లే విద్యార్థుల కోసం వేసే అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ పదో కూర్పు వచ్చింది. అందులో మన మాటలు కొత్తగా 26. ఆధార్, డబ్బా, హర్తాళ్, బస్‌స్టాండ్, ట్యూబ్‌లైట్, ఎఫ్ఐఆర్ అచ్చు పుస్తకంలోకే ఎక్కాయి. మొత్తం 22 అచ్చులో, నాలుగు ఆన్‌లైన్‌లో మాత్రమే. ఆ నాలుగింట్లో ఒకటి ‘కరెంటు’, విద్యుత్తు అనే అర్థంలో. ‘కరెంటు పోయింది’ అని మన ఇళ్లలో అనే ఆ కరెంటే. దీంతో ఆ నిఘంటువులో భారతీయ ఇంగ్లిషు మాటలు 384 అయ్యాయి.

ఇదేం కొత్త అలవాటూ కాదు. మన ‘పందికొక్కు’ ఎప్పుడో ‘బాండికూట్’ అయి ఇంగ్లిషులోకి వెళ్లిపోయింది. అక్కడితో ఆగకుండా ఆస్ట్రేలియాలో సంచి ఉన్న ఇంకేదో జంతువుకు కూడా ఆ పేరే పెట్టారు. మన ధాన్యం గాదె కింద దూరే ప్రాణి పేరు అంత దూరం పోయింది.

వాళ్ల పద్ధతి కాస్త చెప్పాలి, ఎందుకంటే నేను అడగబోయేది దాని మీదే ఆధారపడి ఉంది. 1879లో ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ సంపాదకుడు జేమ్స్ ముర్రే ఇంగ్లిషు చదివే జనానికి ఒక విన్నపం అచ్చేసి పంచాడు. మీరు చదివే పుస్తకాల్లో మాట కనబడ్డ చోట ఆ వాక్యం ఒక చీటీ మీద రాసి పంపండి అని. బడిపంతుళ్లు, పాస్టర్లు, ఇంట్లో ఖాళీగా ఉన్నవాళ్లు లక్షల చీటీలు పంపారు. మొదటి భాగం 1884లో, చివరిది 1928లో వచ్చాయి. ఇప్పుడు మూడు నెలలకోసారి కొత్త మాటలు చేరుస్తున్నారు, ఎవరైనా ఆన్‌లైన్‌లో మాట సూచించవచ్చు. ఈ మాట గొప్పదా కాదా అని వాళ్లు తగువు పెట్టుకోరు. ఎక్కడెక్కడ, ఎన్నాళ్లుగా, ఎంతమంది వాడారో చూపించమంటారు. ఒకసారి చేరిన మాటను తీసెయ్యరు, వాడుక పోతే పోయిందని పక్కన రాస్తారు.

నా నోట్‌బుక్కులో ఉన్నదీ అంతే. ఆ ముర్రే గారి పేరు నాకు తెలియక ముందే ఆ పని చేశాను, చీటీలకు బదులు నోట్‌బుక్కు, అంతే తేడా.

మన దగ్గర ఇలాంటిది లేదని కాదు. 1852లో తెలుగు-ఇంగ్లిషు నిఘంటువు వేసిన బ్రౌను, 1854లో ఇంకొకటి వేశాడు. కచేరీ కాగితాల్లో, జనం నోళ్లలో తెలుగుతో కలిసిపోయిన హిందుస్తానీ, ఇంగ్లిషు మాటలకు ప్రత్యేకంగా ‘మిశ్ర’ నిఘంటువు. నాలాంటి కోర్టు టైపిస్టుకు అది తాతల నాటి చుట్టం. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ తరఫున భద్రిరాజు కృష్ణమూర్తి గారు వ్యవసాయ మాండలిక పదకోశం తెచ్చారు, 1971లో చేనేత కోశం. ఎంతో శ్రమ పడ్డారు, కాదనను. కానీ ఆ తిరుగుడంతా ఆంధ్రప్రదేశ్ జిల్లాల్లో. మహేంద్రతనయ నది దాటి ఇటు వచ్చేసరికి రాష్ట్రం మారింది, పుస్తకం ఆగింది.

1936 అనే ఏడాది మా ఊరికి మరిచిపోలేనిది. ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి ఇటు వచ్చింది. ముప్పై ఏళ్లకు పైగా ఇక్కడి రాజావారి బడిలో పాఠాలు చెప్పి, సవరల భాష నేర్చుకుని, వాడుక తెలుగు కోసం కొట్లాడిన గిడుగు రామమూర్తి గారు ఆ ఏడే ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆ ఏడే సూర్యరాయాంధ్ర నిఘంటువు మొదటి సంపుటం వెలువడింది, జనం నోటి మాటల కన్నా కావ్యాల మాటలకే పీట వేసి. ఏటా ఆగస్టు 29న ఆయన పుట్టినరోజని భాషా దినోత్సవం చేస్తారు, ఫొటోకు దండ వేస్తారు. ఆయన బతికిన ఊళ్లో జనం మాట్లాడే మాటలు పంపితే యాస అంటారు. దీన్ని ఏమనాలో నాకు తెలియదు.

పక్కింటివాళ్లను చూసి నేర్చుకోవచ్చు కూడా. గోపాల చంద్ర ప్రహరాజ్ అనే వకీలు 1931 నుంచి 1940 వరకు ఏడు సంపుటాల ఒడియా భాషాకోశం వేశాడు, సుమారు 1,85,000 మాటలు. ఒడియా మాటకు ఇంగ్లిషు, హిందీ, బెంగాలీ అర్థాలు కూడా పక్కనే ఇచ్చాడు. మా తహసీలు ఆఫీసులో ఒడియా మాట మీద తగువొస్తే దాని పేరు చెప్పి తేల్చేస్తారు. తెలుగు మాట మీద తగువొస్తే నా వైపు చూస్తారు.

ఇక మాట నిఘంటువులో లేకపోతే మామూలు మనిషికి ఏమవుతుందో, నా షాపు బల్ల మీదికి వచ్చినవే చెబుతాను.

1. భూమి కాగితం. కాశీనగర్ వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. తాతగారి నాటి దస్తావేజు, మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పటిది, తెలుగులో ఉంది. అన్నదమ్ముల వాటా పంచుకుని పేరు మార్పించుకోవాలి. దానికి ఒడియా అనువాదం పెట్టాలి. వేరే ఊళ్లో ఎవరి దగ్గరో అనువాదం చేయించుకుని తెచ్చుకున్నాడు. తూర్పు హద్దు ‘గెడ్డ’ అని దస్తావేజులో ఉంది. మా వైపు గెడ్డ అంటే కొండల్లోంచి దిగి వచ్చే చిన్న ఏరు. వానాకాలం మోకాల్లోతు, ఎండాకాలం రాళ్లు. అనువాదం చేసినాయనకు ఆ మాట తెలియదు. నిఘంటువులో వెతికాడు, కనబడలేదు. అచ్చుతప్పనుకుని ‘గడ్డ’ చేసి, దాన్ని ఒడియాలో దిబ్బ అని రాశాడు.

అమీను కొలతకు వచ్చాడు. కాగితం ప్రకారం తూర్పున దిబ్బ ఉండాలి. అక్కడ నీళ్లు పారుతున్నాయి. అవతలి రైతు ఊరుకుంటాడా, దిబ్బ నా పొలంలో ఉంది కాబట్టి హద్దు అక్కడికి పోవాలి అన్నాడు. పెద్దాయన నాలుగు తారీఖులు తిరిగాడు. ప్రతిసారీ తెల్లారి బస్సు, చద్దిమూట, సాయంత్రం ఇంకో తారీఖు. నా దగ్గరికి వచ్చి దస్తావేజు బల్ల మీద పరిచి, ఆ ఒక్క మాట మీద వేలు పెట్టి, “బాబూ, ఇది గెడ్డే గదా. మా తాత అబద్దం రాత్తాడా?” అన్నాడు. ఆ వేలి గోరు సగం విరిగి ఉంది, మధ్యలో మట్టి. మాట పక్కన ఆయన అప్పటికే అన్నిసార్లు వేలు పెట్టి చూపించాడేమో, కాగితం అక్కడ నల్లబడి పలచబడింది.

నేను అఫిడవిట్ రాశాను, గెడ్డ అంటే ఏరు అని. ఆఫీసరు మంచివాడే. చదివి, “ఏ డిక్షనరీలో ఉంది?” అన్నారు. పెద్దగెడ్డ, వట్టిగెడ్డ అని ఆంధ్రాలో ప్రభుత్వమే రిజర్వాయర్లకు పేర్లు పెట్టిందండీ, ఏరు లేనిదే రిజర్వాయరు కడతారా అన్నాను. నవ్వి, అవి పేర్లు, అర్థాలు కావు అన్నారు. చివరికి ముగ్గురు ఊరిపెద్దల వాంగ్మూలం తీసుకున్నారు. ఆ ముగ్గురిలో చిన్నవాడికి డెబ్భై నాలుగు. ఇంకో ఇరవై ఏళ్ల తర్వాత ఇలాంటి కాగితం వస్తే వాంగ్మూలం ఎవరిస్తారు?

2. పిల్లల మార్కులు. ఎనిమిదో తరగతి అమ్మాయి, మా సాహిలోనే ఉంటుంది (సాహి అంటే వీధి, ఒడియా నుంచి వచ్చింది, ఇక్కడి తెలుగువాళ్లందరూ అంటారు), ప్రాజెక్టు ప్రింటు తీయించుకోవడానికి వచ్చింది. చేతిలో రెండు పరీక్ష పేపర్లు. ఇంగ్లిషు వ్యాసంలో, వేసవిలో రోజూ కరెంటు పోతుందని రాసింది. మాస్టారు ‘కరెంటు’ చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, పక్కన సరైన ఇంగ్లిషు మాట రాశారు. తెలుగు వ్యాసంలోనూ అదే కరెంటు. అక్కడా ఎర్ర సున్నా, ‘విద్యుత్తు’ అని దిద్దుబాటు. ఒకే మాట, రెండు భాషల్లోనూ తప్పు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు మాత్రం 2020 నుంచే ఒప్పుకుంటోంది. ఆ పేజీ చూపించాను. ఆ పిల్ల, “ఈ ఫోను మాస్టారికి చూపిస్తే కొడతారు అంకుల్” అంది.

అదే తెలుగు పేపర్లో ‘మూరీలు’ కూడా సున్నాలో పడింది. ‘మరమరాలు అని రాయాలి’ అట. రాయలసీమ పిల్ల బొరుగులు అని రాస్తే ఇలాగే కొట్టేస్తారా? మూరీలు ఒడియా ముఢి నుంచి వచ్చింది, నిజమే. వైజాగ్ బీచిలో బండి మీద ‘మూరీ మిక్చర్’ అని పెద్ద పెద్ద అక్షరాలతో రాసి అమ్ముతారు, రాష్ట్రం నలుమూలల నుంచి వచ్చినవాళ్లు కొనుక్కు తింటారు. తినడానికి పనికొచ్చిన మాట రాయడానికి ఎందుకు పనికిరాదో చెప్పండి.

ఇంకోటి. అక్కను మా వైపు ‘అప్ప’ అంటారు. ఇది పాత తెలుగే, ఎక్కడి నుంచీ తెచ్చుకున్నది కాదు. అవతలి రాష్ట్రంలో హాస్టల్లో చేరిన మా పిల్లలు అప్ప అంటే క్లాసంతా నవ్వుతుంది. నెల తిరిగేసరికి ఇంటికి ఫోను చేసినా అక్కా అంటారు. ‘అన్న’ ఆక్స్‌ఫర్డ్‌కు వెళ్లాడని మురిసిపోయినవాళ్లే ‘అప్ప’ను చూసి నవ్వుతారు.

3. ఆసుపత్రి. ఇది చిన్నదే. షుగరు ఉన్న ఒక ముసలాయన్ని సరిహద్దు అవతల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. పొద్దున ఏం తిన్నావు తాతా అంటే “పఖాళ” అన్నాడు. రాత్రి అన్నంలో నీళ్లు పోసి పులియబెట్టిన చద్దన్నం, ఒడియావాళ్ల అలవాటు, మాకూ వచ్చింది. గుంటూరు నుంచి కొత్తగా వచ్చిన ఆ డాక్టరు అదేదో నాటుమందు అనుకుని, అలాంటివి వాడొద్దని గట్టిగా చీవాట్లు పెట్టాడట. తాత రెండు రోజులు అన్నం మానేశాడు.

4. పంట, ఫోను. మేం చోళ్లు అంటాం. మీలో కొందరు రాగులంటారు, తెలంగాణవాళ్లు తైదలంటారు, ఒడియాలో మాండియా. 2017లో ఒడిశా ప్రభుత్వం చిరుధాన్యాల కోసం మిల్లెట్ మిషన్ పెట్టింది, ఆ తర్వాత మాండియా కొంటోంది, మా కొండ వైపు రైతులకు అది నాలుగు డబ్బులు తెచ్చే పంట. ఒకావిడ ఫోనుకు తెలుగులో ‘రాగి కొనుగోలు’ అని మెసేజి వచ్చింది. నా దగ్గరికి తెచ్చి, ఇంట్లో పాత రాగి చెంబులున్నాయి, ఎంతకు కొంటారో కనుక్కో అంది. నవ్వొచ్చిన మాట నిజమే. చోళ్లు నిఘంటువుల్లో ఉన్న మాటే, అయినా దాని పక్కన మాండియా అని ఒక్క ముక్క నేను చూసినవాటిలో ఎక్కడా లేదు. ఇప్పుడు ఫోన్లలో అనువాదాలు మనుషులు చేయడం లేదు, యంత్రాలు ఉన్న మాటల నుంచే నేర్చుకుంటున్నాయి. లేని మాట వాటికి ఎప్పటికీ రాదు. నేను ‘గెడ్డ’ అని టైపు చేస్తే ఫోను దానంతటదే ‘గడ్డ’ చేస్తోంది. ఆ అనువాదం చేసినాయన చేసిన తప్పే.

5. మగ్గం మాటలు. ఇది నా పని కాదు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. బరంపురం పట్టుచీరకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, ‘ఫొడా కుంభ’ అనే అంచు పేరుతో సహా. నేసేవాళ్లలో ఎక్కువమంది ఎప్పుడో తెలుగు దేశం నుంచి వలస వచ్చిన దేరా కులంవాళ్లు. బరంపురంలో రెండేళ్లకోసారి జరిగే ఠాకురాణీ జాతరలో పెద్దరికం వాళ్లదే. మగ్గంలో ప్రతి కర్రకూ, ప్రతి ముడికీ వాళ్ల దగ్గర ఒక పేరుంది, సగం తెలుగు, సగం ఒడియా. అంచు పేరు ప్రభుత్వ రికార్డులోకి ఎక్కింది. మిగతా పేర్లు నేసేవాళ్ల నోళ్లలోనే ఉన్నాయి, మగ్గాలు ఏటికేడు తగ్గుతున్నాయి.

ఇవన్నీ చదివి, ఒడియా కలిసిన తెలుగును తెలుగు అనమంటావా అని మీరు అడగవచ్చు. కోర్టు, తహసీలు, దస్తావేజు, రశీదు, ఇవన్నీ ఎక్కడి మాటలు? నా షాపులో ఈ నాలుగు మాటలు లేకుండా ఒక్క దరఖాస్తూ తయారు కాదు. హిందుస్తానీ నుంచో ఇంగ్లిషు నుంచో వస్తే తెలుగు, ఒడియా నుంచి వస్తే కల్తీ అవుతుందా? నాలుగు వందల కిలోమీటర్ల అవతలి కృష్ణా జిల్లా మాట ప్రమాణం, రెండు కిలోమీటర్ల అవతలి మాట యాస అనే లెక్క మాకు అంతుపట్టడం లేదు.

ఇంగ్లిషు మాస్టార్లతో ఒక ముక్క. పిల్లలు రాసిందల్లా ఒప్పు అనమని నేను అనడం లేదు. ఉద్యోగం దరఖాస్తుల్లో వచ్చే తప్పులు రోజూ నేనే దిద్దుతాను. తోడల్లుణ్ని ‘కో-బ్రదర్’ అని ఒక కుర్రాడు భువనేశ్వర్ ఇంటర్వ్యూలో అంటే అవతలివాళ్లు నవ్వారట. వాడు టెన్షన్‌తో మిగతా ప్రశ్నలకు నోరు విప్పలేదు. నిజానికి తోడల్లుడికి ఇంగ్లిషులో ఇంతకన్నా మంచి మాట ఉంటే చూపించండి. ఎక్కడ ఏ మాట వాడాలో చెప్పడం పాఠం. ఆ మాట అసలు ఇంగ్లిషే కాదనడం పాఠం కాదు, ఇప్పుడది నిజం కూడా కాదు.

కాబట్టి మా కోరికలు ఇవి:

1. నేను పంపిన 408 మాటల మీద, మాట మాటకూ విడిగా, తీసుకుంటాం లేదా తీసుకోం అని మూడు నెలల్లో రాతపూర్వకంగా చెప్పండి. తీసుకోకపోతే కారణం రాయండి. ‘యాస’ అనేది కారణం కాదు.

2. ‘గ్రామ్యం’ అనే ముద్ర తీసేసి, ఏ ప్రాంతం మాటో ఆ ప్రాంతం పేరు పెట్టండి. ఒడియా నుంచి, మరాఠీ నుంచి, గోండీ నుంచి వచ్చిన మాట అయితే ఆ సంగతి రాయండి. దాచాల్సిందేమీ లేదు.

3. మనుషుల్ని పంపండి. పర్లాకిమిడి, బరంపురం, గుణుపూర్, రాయగడ, జయపురం. మహారాష్ట్ర వైపు సిరొంచ, చంద్రపూర్ కూడా, అక్కడి తెలుగువాళ్ల గోడూ ఇదేనని విన్నాను. రికార్డరు పట్టుకుని డెబ్భై దాటినవాళ్ల దగ్గర ముందు కూర్చోండి. ఉండటానికి చోటు, భోజనం మేం చూసుకుంటాం. ఉప్మాలో ఘుగుని (బఠాణీల కూర) వేసి పెడతాం, ఆ మాటా రాసుకోండి.

4. దస్తావేజుల్లో వచ్చే హద్దుల మాటలు, గెడ్డ, గరువు, మదుం, గోర్జి, డొంక లాంటివి, ముందుగా విడిగా ఒక చిన్న పుస్తకంగా తెలుగు, ఒడియా, ఇంగ్లిషు అర్థాలతో వేయండి. పెద్ద నిఘంటువు ఇరవై ఏళ్లు పట్టినా ఆగుతాం. ఇది ఆగదు. రేపు సోమవారం కూడా తారీఖు ఉంది.

5. మూడు నెలలకోసారి కాకపోతే ఏడాదికోసారైనా కొత్త మాటలు చేర్చి ఆన్‌లైన్‌లో పెట్టండి. ఎవరైనా వాక్యంతో సహా మాట పంపే వీలు కల్పించండి, పంపినవాళ్లకు నంబరు ఇవ్వండి. కరెంటు బిల్లు ఫిర్యాదుకే నంబరు వస్తోంది.

6. ప్రాంతపు మాట రాసినందుకు మార్కు కొయ్యొద్దని పేపర్లు దిద్దేవాళ్లకు రాతలో ఉత్తర్వు ఇవ్వండి. పక్కన ప్రామాణిక రూపం రాస్తే సంతోషమే, పిల్లలు రెండూ నేర్చుకుంటారు. ఆక్స్‌ఫర్డ్ చేర్చుకున్న భారతీయ ఇంగ్లిషు మాటల పట్టిక ఇంగ్లిషు మాస్టార్లకు అందించండి. ఎర్ర పెన్ను తీసే ముందు ఒకసారి చూసుకుంటారు.

జాబితా పోయిందంటే నాకు అభ్యంతరం లేదు, ఇంకో కాపీ సిద్ధంగా ఉంది. 2022 తర్వాత విన్నవి ఇంకో 91 చేరాయి. నిన్న సాయంత్రం వచ్చిన ఒకావిడ గోర్జి అంటే ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు ఆనుకోవాల్సినంత సన్నంగా ఉంటేనే అనాలని, బండి పడితే అది సందు అని నన్నే దిద్దింది. ఆ ఎంట్రీ మార్చాను.

షాపు పొద్దున తొమ్మిదికి తీస్తాను. కరెంటు లేకపోతే చేత్తో రాసిస్తాను.

ఇట్లు,
దరఖాస్తులు రాసుకునే ఒక టైపిస్టు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.